నౌపడా ఉప్పుతో పగడం బతకదు

తెలుగువాళ్లకు పగడం శతాబ్దాలుగా తెలుసు. కాని తెలిసింది ప్రాణమున్న పగడం కాదు, పుస్తెల తాడులో నల్లపూసల పక్కన ఒదిగే ఎర్రటి పూస. భారతీయులు పగడానికి ఎంత విలువ ఇస్తారో ఒకటో శతాబ్దంలోనే రోమన్ రచయిత ప్లినీ రాశాడు. 1244లో కాకతి గణపతిదేవుడు మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం, సుంకం కట్టాల్సిన సరుకుల్లో ముత్యాలతో పాటు పగడాలనూ చేర్చింది. మన మెడలో ఉన్న ఆ పూస మధ్యధరా సముద్రంలో బతికిన జీవుల అస్థిపంజరం.

అది జీవి అని ఒప్పుకోవడానికే లోకానికి చాలాకాలం పట్టింది. 1720లలో పెసోనెల్ అనే ఫ్రెంచి వైద్యుడు పగడం మొక్క కాదు, జంతువు అన్నప్పుడు పారిస్ పండితులు నమ్మలేదు. గాజుతొట్టెలో సముద్రజీవుల్ని నిలపడం ఇంకో వందేళ్ల తర్వాతి మాట. 1853లో లండన్ జంతు ప్రదర్శనశాలలో ప్రజల కోసం మొదటి అక్వేరియం తెరిచారు. మరుసటి ఏడాది ఫిలిప్ హెన్రీ గాస్ పుస్తకం ఆ సరదాను ఇంటింటికీ చేర్చింది. ఆయన తొట్టెల్లో పెట్టినవి చల్లటి ఇంగ్లండు తీరపు చిన్న పగడాలు. ఉష్ణమండలపు పగడాన్ని నిలపడం ఆయన తరానికి అందని పని.

మన వైపు మొదటి అడుగు మద్రాసులో పడింది. ఎడ్గర్ థర్స్టన్ చొరవతో 1909లో మెరీనా ఒడ్డున సముద్రజీవుల అక్వేరియం వెలిసింది. ఇప్పుడు శ్రీకాకుళం జిల్లాలో ఉన్న మన నరసన్నపేట అప్పటికి గంజాం జిల్లాలో, మద్రాసు రాజధాని కిందే ఉండేది.

ఉష్ణమండలపు పగడాలు తొట్టెల్లో ఎందుకు చచ్చిపోయేవి? వాటి ఒంట్లో కంటికి కనిపించని నాచు కాపురముంటుంది. 1881లో జర్మన్ శాస్త్రవేత్త కార్ల్ బ్రాండ్ట్ దానికి పేరు పెట్టాడు. వెలుతురు తగ్గితే ఆ నాచు వంట చేయలేదు, పగడం పస్తులుంటుంది. రెండో కారణం జీవుల మలంలోంచి పుట్టే అమ్మోనియా. దాన్ని నైట్రైటుగా, నైట్రేటుగా మార్చే సూక్ష్మజీవులను 1890 ప్రాంతంలో వినోగ్రాడ్‌స్కీ వేరుచేసి చూపాడు. ఈ రెండు ఎరుకలూ తొట్టె దగ్గర కలవడానికి ఎన్నో దశాబ్దాలు పట్టింది. 1961లో జకార్తాకు చెందిన లీ చిన్ ఎంగ్, సముద్రం నుంచి తెచ్చిన ప్రాణమున్న రాళ్లూ గాలి బుడగలూ ఎండా చాలునని రాశాడు. ఆ రాళ్లలో ఉన్నది వినోగ్రాడ్‌స్కీ చూపిన సైన్యమే. ఈ చరిత్రలో నాకు అందరికంటే పెద్దవాడు లీ. 1980లలో బెర్లిన్ పెంపకందారులు ఆయన పద్ధతికి బలమైన దీపాలు, నీటిలోని మురికిని నురుగుగా తీసే యంత్రం జోడించాక రాతి పగడాలు కూడా ఇళ్లలో పెరిగాయి.

ఇప్పుడు నరసన్నపేటలో పగడపు తొట్టె పెట్టే మాటకు వద్దాం. దగ్గర్లోనే కళింగపట్నం తీరం, కాస్త దూరంలో నౌపడా ఉప్పు మడులు, భావనపాడు తీరం. ఇంత ఉప్పు, ఇంత సముద్రం ఉండగా తొట్టెకు ఉప్పు మిశ్రమం కొనడమెందుకని ఎవరికైనా అనిపిస్తుంది. కాని మడిలో నీరు ఇగిరేటప్పుడు సున్నం, జిప్సం ముందే అడుగున పేరుకుంటాయి. ఉప్పు గడ్డకట్టాక మెగ్నీషియం చేదునీటిలో మిగిలిపోతుంది. చేతికొచ్చేది కూరకు సరిపోయే సోడియం క్లోరైడు. పగడానికి లీటరుకు 400 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం, దాదాపు 1300 మిల్లీగ్రాముల మెగ్నీషియం కావాలి. సముద్రపు నీరే తెద్దామా అంటే, వానాకాలంలో వంశధార, నాగావళి ఒండ్రును మోసుకొచ్చి తీరపు ఉప్పదనాన్ని పలచన చేస్తాయి. మన్నార్ సింధుశాఖలో ఉన్నట్టు మన ఒడ్డున పగడపు దిబ్బలు లేకపోవడానికి ముఖ్య కారణమూ ఇదే. అందుకే తయారు మిశ్రమాన్ని శుద్ధి చేసిన నీటిలో కలిపి, సాంద్రత 1.025 దగ్గర నిలపడం మేలు.

చట్టం కూడా ఈ చరిత్రలో భాగమే. 2001లో రాతి పగడాలు, నల్ల పగడాలు, సముద్ర విసనకర్రలు వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేరాయి. మన్నార్‌లో సున్నం కోసం దిబ్బలను తవ్విపోసిన తీరు తెలిసినవాళ్లెవరూ దీన్ని తప్పుపట్టరు. కనుక వాటి జోలికి పోవద్దు. కొత్తవాళ్లకు తగినవి పుట్టగొడుగు పగడాలు, జొవాంథిడ్లు, తోలు పగడాలు. వీటికి గట్టి అస్థిపంజరం ఉండదు, కాస్త అటూ ఇటూ అయినా తట్టుకుంటాయి. కొనేముందు ఇది సముద్రం నుంచి తెంపిందా, తొట్టెలో ముక్క చేసి పెంచిందా అని దుకాణదారుణ్ని అడగాలి. జొవాంథిడ్ల జాతి జీవుల్లోంచే 1971లో పాలీటాక్సిన్ అనే ఘోరమైన విషాన్ని వేరుచేశారు. చేతికి తొడుగు లేకుండా ముట్టుకోకూడదు, అవి అంటుకున్న రాళ్లను వేడినీళ్లలో మరిగించకూడదు.

ఇక్కడ రెండు ఇబ్బందులు ప్రత్యేకం. నీరు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. మన వేసవికి చల్లబరిచే ఏర్పాటు తప్పదు. రెండోది తుఫాను. 2018 అక్టోబరులో తిత్లీ పలాస దగ్గర తీరం దాటాక ఎన్నో ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. పంపు ఆగితే ఆక్సిజన్ కొన్ని గంటల్లోనే పడిపోతుంది. బ్యాటరీతో నడిచే గాలిపంపు దీపం కంటే ముందు కొనాల్సిన వస్తువు.

తొట్టె నింపాక అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నాకు దిగడానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ఆ తర్వాత గోధుమరంగు పాచి వచ్చి పోతుంది, పోనివ్వాలి. అప్పుడు ఒకే ఒక్క పుట్టగొడుగు పగడాన్ని తెచ్చి, తొట్టె నీటికి మెల్లగా అలవాటు చేసి, వెలుతురు తక్కువపడే అడుగు భాగంలో పెట్టాలి. అది కొన్ని వారాలు బాగా విప్పారి ఉంటేనే రెండోదాని కోసం దుకాణానికి వెళ్లాలి.