నిజాం రాజ్యంలో విదేశీ విద్యకు వజీఫాలు: అర్హత, షరతు, తిరుగురాక

వ్యాససంగ్రహం:
పరాయి దేశంలో ఉన్నతవిద్య అభ్యసించడానికి హైదరాబాదు యువతకు ఆర్థికసహాయం ఎక్కడినుండి లభించింది, ఎవరికి లభించింది, దానికి బదులుగా వారినుండి ఏమి ఆశించారు అనే ప్రశ్నలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. 19వ శతాబ్ది చివరి దశాబ్దం నుండి 1948 వరకు నిజాం రాజ్యం ఇచ్చిన విద్యార్థివేతనాలు ఇందులో ప్రధానాంశం. బరోడా సంస్థానం అంబేద్కర్‌కు చేసిన సహాయం పోలికకు, నేటి ప్రభుత్వ పథకాలు కొనసాగింపుకు స్వీకరించబడ్డాయి. విదేశీ విద్యార్థివేతనం నిచ్చెనకు చివరిమెట్టు మాత్రమేననీ, కింది మెట్లయిన పాఠశాల, బోధనభాష, వసతి ఎవరికి అందాయన్నదే అసలు నిర్ణాయకమనీ ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వజీఫా, నిజాం రాజ్యం, పాతనగరం, ఉస్మానియా విశ్వవిద్యాలయం, బోధనభాష, రెడ్డి హాస్టల్, విదేశీ విద్య.

1. ఉపోద్ఘాతం:
హైదరాబాదులో ‘వజీఫా’ అనే మాటకు విస్తృతమైన అర్థం ఉంది. కొలువు విరమించినవారికి ఇచ్చే భృతీ వజీఫాయే, చదువుకొనే పిల్లవాడికి ఇచ్చే నెలసరి సొమ్మూ వజీఫాయే. ఒకటి చేసిన సేవకు ప్రతిఫలం, రెండవది చేయబోయే సేవకు ముందస్తు చెల్లింపు. రెండింటికీ ఒకే మాట వాడడం యాదృచ్ఛికంగా తోచవచ్చు. కాని నిజాం రాజ్యంలో విద్యార్థివేతనాల చరిత్రను చూస్తే, ఆ మాటలో చదువుకూ కొలువుకూ ఉన్న బంధం కనిపిస్తుంది. పాలకుడు ఇచ్చిన సొమ్ము విద్యార్థి ఇంగ్లండు చేరడానికి ఓడ టిక్కెట్టు మాత్రమే కాదు; తిరిగివచ్చి రాజ్యానికి పనికిరావాలనే ఒప్పందం కూడా.

2. అనుగ్రహం నుండి నియమం దాకా:
ఈ చరిత్రలో అందరికీ తెలిసిన పేరు సరోజినీ నాయుడు. ఆమె 1879లో హైదరాబాదులో జన్మించారు. తండ్రి అఘోరనాథ ఛటోపాధ్యాయ ఎడింబరో విశ్వవిద్యాలయంలో విజ్ఞానశాస్త్రంలో డాక్టరేటు పొంది, హైదరాబాదులో ఆధునిక కళాశాల విద్యకు పునాది వేసినవారిలో ముఖ్యులు. పన్నెండేళ్ళ ప్రాయంలోనే మద్రాసు విశ్వవిద్యాలయ మెట్రిక్యులేషన్‌లో ఉత్తీర్ణురాలైన సరోజిని, ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ మంజూరు చేసిన విద్యార్థివేతనంతో 1895లో ఇంగ్లండు వెళ్ళారు. లండన్‌లోని కింగ్స్ కళాశాలలోను, తరువాత కేంబ్రిడ్జ్‌లోని గిర్టన్ కళాశాలలోను చదివి 1898లో తిరిగివచ్చారు.

ఆమె పట్టా లేకుండా తిరిగివచ్చారని చెప్పడం పరిపాటి. అయితే కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయం స్త్రీలకు పూర్తిస్థాయి పట్టాలు ఇవ్వడం మొదలుపెట్టింది 1948లోనే. అంటే ఒక దేశీయ సంస్థానం ఒక బాలిక చదువుకు డబ్బు చెల్లించడానికి సిద్ధపడిన కాలానికి, ఆ చదువు చెప్పే విశ్వవిద్యాలయం ఆమెకు పట్టా ఇవ్వడానికి సిద్ధంగా లేదు.

సరోజినికి లభించినది పాలకుని అనుగ్రహం. ప్రతిభ, తండ్రి పలుకుబడి, రాజాస్థానంతో సామీప్యం మూడూ అందులో కలిసివచ్చాయి. ఆమె వెళ్ళిన మరుసటి సంవత్సరమే మరొక తీరు వజీఫా కనిపిస్తుంది. 1877లో హైదరాబాదులో జన్మించిన మీర్ అహ్మద్ అలీ, రాజ్య విద్యార్థివేతనంతో 1896లో ఇంగ్లండులోని కూపర్స్ హిల్ రాయల్ ఇండియన్ ఇంజనీరింగ్ కళాశాలకు వెళ్ళారు. తిరిగివచ్చి ప్రజాపనుల శాఖలో చేరి, చీఫ్ ఇంజనీరు స్థాయికి ఎదిగి, నవాబ్ అలీ నవాజ్ జంగ్‌గా ప్రసిద్ధులయ్యారు. ఇక్కడ అనుగ్రహం కన్నా అవసరం ప్రధానం. రాజ్యానికి ఇంజనీరు కావాలి. బయటినుండి తెచ్చుకోవడానికి బదులు తన మనిషినే పంపి తయారుచేసుకొంది.

3. మూసీ చెప్పే లెక్క:
రాజ్యం పెట్టిన ఖర్చుకు ఏమి తిరిగివచ్చిందో తెలుసుకోవడానికి మూసీ నది మంచి సాక్షి. 1908 సెప్టెంబరు 28న వచ్చిన వరద నదికి ఇరువైపులా నగరాన్ని ధ్వంసం చేసింది. ఆనాటి సహాయ కార్యక్రమాలలో సరోజినీ నాయుడు చేసిన సేవకు బ్రిటిషు ప్రభుత్వం కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. జలియన్‌వాలాబాగ్ ఘటన తరువాత ఆమె దానిని తిరిగి ఇచ్చివేశారు.

వరద మళ్ళీ రాకుండా మోక్షగుండం విశ్వేశ్వరయ్య సూచించిన పథకం ప్రకారం 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ రూపొందాయి. ఆ దశాబ్దాలలో రాజ్య జలనిర్మాణాలను నడిపించిన స్థానిక ఇంజనీర్లలో అలీ నవాజ్ జంగ్ అగ్రగణ్యులు. మంజీరపై 1923లో మొదలై 1931లో పూర్తయిన నిజాంసాగర్ ఆయన పేరుతోనే ముడిపడి ఉంది. సుమారు 2.75 లక్షల ఎకరాల ఆయకట్టును ఉద్దేశించి కట్టిన ఆ జలాశయం ముందు, ఒక విద్యార్థికి ఇంగ్లండులో చెల్లించిన సొమ్ము ఎంత స్వల్పమో వేరుగా చెప్పనక్కరలేదు. తెలంగాణ రాష్ట్రం ఆయన జన్మదినమైన జులై 11ను ఇంజనీర్ల దినంగా జరుపుకొంటోంది.

4. పాతనగరం నుండి లండన్‌కు:
విదేశం వెళ్ళాలంటే ముందు స్వదేశంలో పట్టా ఉండాలి. పట్టాకు ముందు ఉన్నత పాఠశాల ఉండాలి. మొదటి సాలార్‌జంగ్ దివాన్‌గిరీలో వెలసిన దారుల్ ఉలూమ్, అనంతరకాలంలో మూసీ దక్షిణపు ఒడ్డున హైకోర్టు పక్కన 1921లో సొంత భవనంలోకి వచ్చిన సిటీ హైస్కూలు పాతనగర బాలురకు ఈ నిచ్చెనలో తొలిమెట్లు. సిటీ హైస్కూలులో అదే ఏడాది ఇంటర్మీడియట్ తరగతులు మొదలై, 1929లో అది సిటీ కళాశాలగా మారింది. పైమెట్టు ఉస్మానియా విశ్వవిద్యాలయం. 1917లో ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఫర్మానాతో సంకల్పితమై, 1919లో అద్దె భవనాలలో తరగతులు ప్రారంభించిన ఈ విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనభాషగా స్వీకరించింది. ఇంగ్లీషును తప్పనిసరి పాఠ్యాంశంగా ఉంచింది. పాఠ్యగ్రంథాల కోసం దారుల్ తర్జుమా అనే అనువాద విభాగం ఏర్పడింది.

ఈ నిచ్చెనను చివరిదాకా ఎక్కినవారికి సయ్యద్ మొహియుద్దీన్ ఖాద్రీ జోర్ చక్కని ఉదాహరణ. 1905లో హైదరాబాదులో జన్మించిన జోర్ దారుల్ ఉలూమ్, సిటీ స్కూలు, ఉస్మానియాలలో చదివి, రాజ్య విద్యార్థివేతనంతో ఇంగ్లండు వెళ్ళి 1929లో లండన్ విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొందారు. హిందుస్తానీ ధ్వనిశాస్త్రంపై ఆయన గ్రంథం 1930లో పారిస్‌లో ప్రచురితమైంది. తిరిగివచ్చి ఉస్మానియాలో అధ్యాపకులై, 1931లో ఇదారా-ఎ-అదబియాత్-ఎ-ఉర్దూ సంస్థను స్థాపించారు. నగర నిర్మాత మహమ్మద్ కులీ కుతుబ్‌షా కవితాసంపుటిని పరిష్కరించి 1940లో వెలువరించారు. తెలుగు పలుకులు కూడా చోటుచేసుకొన్న ఆ దక్కనీ కవిత్వం శాస్త్రీయ పరిష్కరణతో పాఠకులకు అందడం వెనుక, లండన్‌లో నేర్చిన భాషాశాస్త్ర శిక్షణ ఉంది.

గణితంలో రజియుద్దీన్ సిద్దీఖీ కూడా ఉస్మానియా నుండి బయలుదేరినవారే. కేంబ్రిడ్జ్‌లో చదివి, లైప్‌జిగ్‌లో హైజెన్‌బర్గ్ దగ్గర పరిశోధన చేసి, తిరిగి ఉస్మానియాలోనే గణితాచార్యులయ్యారు. ఉర్దూలో డిగ్రీ చదివినవారు ఐరోపాలో నెగ్గుకురాలేరన్న వాదనకు ఈ ఇద్దరి జీవితాలే సమాధానం.

5. తెలుగు విద్యార్థి ఎక్కడ?
అయితే ఇదే నిచ్చెన మరొకరికి గోడ అయింది. రాజ్య జనాభాలో దాదాపు సగం మంది మాతృభాష తెలుగు. పల్లెలో తెలుగు మాట్లాడే బాలుడు ఉర్దూలో పాఠశాల విద్య, ఉర్దూ ఇంగ్లీషులలో కళాశాల విద్య పూర్తిచేస్తే తప్ప విదేశీ వజీఫాకు దరఖాస్తు పెట్టే స్థితికి చేరడు. ఏ నిబంధనా తెలుగువారిని పేరు పెట్టి మినహాయించనవసరం లేదు. మెట్ల అమరికే ఆ పని చేస్తుంది. 1919 నాటి ఫర్మానా ‘ముల్కీ’ ఎవరో నిర్వచించి, రాజ్యోద్యోగాలలో స్థానికునికి ప్రాధాన్యం కల్పించింది. కాని స్థానికులలోనే ఎవరు ముందు పట్టా పొందగలరన్న ప్రశ్న మిగిలిపోయింది.

ఆ ప్రశ్నకు తెలుగు సమాజం ఇచ్చిన సమాధానం వసతిగృహం. తరువాతి కాలంలో నగర కొత్వాల్‌గా ప్రసిద్ధులైన రాజా బహదూర్ వెంకట్రామారెడ్డి పూనికతో 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టల్ వెలిసింది. జిల్లాల నుండి వచ్చిన విద్యార్థికి తిండి, పడక, గ్రంథాలయం, చదువుకొనే తోటివారు అక్కడ దొరికారు. 1901లో స్థాపితమైన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం తెలుగు పుస్తకాన్ని నగరంలో అందుబాటులోకి తెచ్చింది. వీటిలో ఏదీ విదేశీ విద్యార్థివేతనం కాదు. కాని నగరంలో ఉండడానికి చోటు లేనివాడికి లండన్‌లో ఉండడానికి ఇచ్చే సొమ్ము ఏ విధంగానూ అందదు. ఆ దృష్టితో చూస్తే వసతిగృహం కూడా ఉన్నతవిద్యా సహాయ చరిత్రలో భాగమే.

6. బరోడా పోలిక:
వసతి ప్రశ్న ఎంత లోతైనదో మరొక సంస్థానపు అనుభవం తెలుపుతుంది. 1913లో బరోడా పాలకుడు మూడవ సయాజీరావు గాయక్వాడ్, భీమ్‌రావ్ అంబేద్కర్‌కు నెలకు 11.50 పౌండ్ల చొప్పున మూడేళ్ళకు విద్యార్థివేతనం మంజూరు చేశారు. తిరిగివచ్చి పదేళ్ళు సంస్థానంలో పనిచేయాలన్నది షరతు. కొలంబియా విశ్వవిద్యాలయంలో చదివి లండన్ చేరిన అంబేద్కర్, వేతనపు గడువు తీరడంతో అక్కడి పరిశోధన మధ్యలోనే ఆపి 1917లో రావలసివచ్చింది. షరతు ప్రకారం బరోడాలో ఉద్యోగంలో చేరితే, అస్పృశ్యత కారణంగా ఆ ఊరిలో అద్దెకు గది దొరకలేదు. కొద్దికాలానికే ఆయన బరోడా విడిచిపెట్టారు. 1920లో సొంత పొదుపు, మిత్రుల సహాయం, కొల్హాపూర్ పాలకుడు షాహూ మహరాజ్ తోడ్పాటుతో తిరిగి లండన్ వెళ్ళి చదువు పూర్తిచేశారు.

ఇందులో రెండు విషయాలు గమనించదగినవి. గడువు సొమ్ముకు ఉంటుంది గాని పరిశోధనకు ఉండదు. రెండింటి మధ్య పొంతన లేనప్పుడు నష్టపోయేది విద్యార్థి. ఇక, తిరిగిరావాలని షరతు పెట్టిన రాజ్యం, వచ్చినవాడు గౌరవంగా బ్రతికే చోటును కల్పించలేకపోతే ఆ షరతు చెల్లదు.

7. రాజ్యమే లేనప్పుడు:
హైదరాబాదులో ఈ ఒప్పందం మరొక విధంగా తెగిపోయింది. ఉస్మానియాలో చదివి, 1930లలో బాన్‌లోను పారిస్‌లోను డాక్టరేట్లు పొందిన మహమ్మద్ హమీదుల్లా తిరిగివచ్చి ఉస్మానియాలో అంతర్జాతీయ న్యాయశాస్త్రం బోధించారు. 1948లో హైదరాబాదు పక్షాన ఐక్యరాజ్యసమితికి వెళ్ళిన ప్రతినిధివర్గంలో ఉన్న ఆయన, ఆ సెప్టెంబరులో రాజ్యం భారత యూనియన్‌లో కలిసిన తరువాత పారిస్‌లోనే ఉండిపోయారు. రజియుద్దీన్ సిద్దీఖీ 1950లో పాకిస్తాన్ వెళ్ళారు. జోర్ ఇక్కడే నిలిచి తన సంస్థను నడిపారు. రాజ్యం తయారుచేసుకొన్న పండితులు రాజ్యం పోయిన తరువాత మూడు దారులు పట్టారు. ఉస్మానియాలో ఉర్దూ స్థానాన్ని ఇంగ్లీషు ఆక్రమించింది. పాతనగర బాలునికి ఒకప్పుడు మెట్టుగా ఉన్న భాష అప్పటినుండి అతనికీ గోడ కాసాగింది.

8. నేటి కొనసాగింపు:
స్వతంత్ర భారతంలో వజీఫా సంస్థానాల చేతినుండి ప్రభుత్వ పథకాలలోకి వచ్చింది. వెనుకబడిన వర్గాల విద్యార్థుల విదేశీ చదువుకు కేంద్రప్రభుత్వం 1954–55లో నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ప్రారంభించింది. తెలంగాణలో అంబేద్కర్, మహాత్మా జ్యోతిబా ఫూలే పేర్లతో విదేశీ విద్యానిధులు ఉన్నాయి. 2015లో మైనారిటీ విద్యార్థులకు ముఖ్యమంత్రి విదేశీ విద్యా పథకం మొదలైంది. కుటుంబ వార్షికాదాయం 5 లక్షల రూపాయలకు మించని వారికి తొలుత 10 లక్షలు, తరువాత 20 లక్షల రూపాయల వరకు సహాయం నిర్ణయించారు. దేశంలోనే పరిశోధన చేసే మైనారిటీ విద్యార్థుల కోసం 2009లో వచ్చిన మౌలానా ఆజాద్ జాతీయ ఫెలోషిప్‌ను మాత్రం 2022–23 నుండి కొత్తవారికి నిలిపివేశారు. జాతీయ అర్హత పరీక్ష ద్వారా లభించే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ 2023 జనవరి నుండి నెలకు 37,000 రూపాయలు.

వీటితోపాటు మరొక దారి బలపడింది. అమెరికాలోని అనేక పరిశోధనా విశ్వవిద్యాలయాలు డాక్టరేటు విద్యార్థికి బోధనరుసుము మినహాయించి, బోధనలోనో ప్రయోగశాలలోనో సహాయకునిగా పనిచేయించుకొని నెలసరి భృతి ఇస్తాయి. ఇక్కడ ఒప్పందం విద్యార్థికీ స్వదేశ రాజ్యానికీ మధ్య కాదు, విద్యార్థికీ విశ్వవిద్యాలయ శాఖకూ మధ్య. తిరిగిరావాలన్న షరతు ఆ భృతిలో లేదు. మాస్టర్స్ చదువుకు ఇటువంటి పూర్తి సహాయం అరుదు. ఈ తేడా తెలియని కుటుంబం అప్పుచేసి మాస్టర్స్‌కు పంపుతుంది. తెలిసినది నేరుగా డాక్టరేటుకు దరఖాస్తు పెట్టిస్తుంది. నేడు సమాచారమే ఒక మెట్టు.

9. ముగింపు:
• విదేశీ విద్యార్థివేతనం నిజాం రాజ్యంలో పాలకుని అనుగ్రహంగా కనిపించినా, త్వరలోనే స్థానిక నిపుణులను తయారుచేసుకొనే రాజ్యనీతిగా రూపొందింది. నిజాంసాగర్ వంటి నిర్మాణాలు, జోర్ పరిష్కరణల వంటి కృషి దాని ఫలితాలు.
• అర్హతను నిర్ణయించినది దరఖాస్తు పత్రం కాదు, దానికి ముందున్న మెట్లు. ఉర్దూ బోధన పాతనగరానికి దారి తెరిచి, తెలుగు పల్లెకు దూరమైంది. తరువాత ఇంగ్లీషు ఇద్దరికీ దూరమైంది.
• రెడ్డి హాస్టల్ వంటి సామాజిక ప్రయత్నాలను విడిచి ఉన్నతవిద్యా సహాయ చరిత్రను రాయడం అసంపూర్ణం.
• వేతనం మొత్తం ఎంత అన్నదానితోపాటు అది చదువు పూర్తయ్యేవరకు ఉంటుందా, తిరిగివచ్చినవారికి ఇక్కడ చోటుందా అన్నవి అంబేద్కర్ అనుభవం లేవనెత్తిన ప్రశ్నలు. నూరేళ్ళు దాటినా ప్రతి కొత్త పథకమూ వాటికి సమాధానం చెప్పవలసే ఉంది.