ఏఐ చేతికి పనిముట్లు.. ల్యాప్‌టాప్‌లో ఎంసీపీ సర్వర్ సెటప్ ఎలా? ఆ ‘ప్రింట్’తో జాగ్రత్త!

చాట్‌బాట్‌ను ఏదైనా అడిగితే టకటకా చెప్పేస్తుంది. కానీ మన ల్యాప్‌టాప్‌లో ఉన్న ఎక్సెల్ ఫైల్ తెరిచి లెక్క చూడమంటే? దానంతట అది చేయలేదు. ఆ పని చేసిపెట్టే చిన్న ప్రోగ్రామే ఎంసీపీ సర్వర్. ఎంసీపీ అంటే మోడల్ కాంటెక్స్ట్ ప్రోటోకాల్. 2024 నవంబర్‌లో ఆంత్రోపిక్ కంపెనీ దీన్ని ఓపెన్ సోర్స్‌గా విడుదల చేసింది. 2025 మార్చిలో పోటీ సంస్థ ఓపెన్ఏఐ కూడా ఇదే బాట పట్టింది. సర్వర్ అనగానే కంగారు పడక్కర్లేదు, మామూలు ల్యాప్‌టాప్ చాలు.

ముందుగా పైథాన్ 3.10 లేదా ఆ పై వెర్షన్ ఉండాలి. తర్వాత ‘యూవీ’ అనే ప్యాకేజీ మేనేజర్‌ను ఇన్‌స్టాల్ చేసుకోవాలి. ప్రాజెక్టుకో ఫోల్డర్, అందులో ఒక వర్చువల్ ఎన్విరాన్‌మెంట్, అందులోకి ఎంసీపీ ఎస్‌డీకే. ఇక మామూలు ఫంక్షన్ రాసి, దాని పైన టూల్ డెకరేటర్ పెడితే టూల్ రెడీ. ఫంక్షన్ లోపల రాసే వివరణను మాత్రం లైట్ తీసుకోవద్దు. అది చదివే, ఏ టూల్ ఎప్పుడు వాడాలో ఏఐ డిసైడ్ చేసుకుంటుంది.

చాలామంది బోల్తా పడేది ఇక్కడే. లోకల్ సర్వర్ ఏఐ యాప్‌కి జవాబులు పంపేది స్టాండర్డ్ అవుట్‌పుట్ ద్వారా. ఎర్రర్ వెతుకుదామని కోడ్‌లో ఒక ‘ప్రింట్’ పెట్టారనుకోండి, ఆ అక్షరాలు కూడా అదే దారిలో వెళ్లి కనెక్షన్ దెబ్బతింటుంది. కోడ్ కరెక్టే, సర్వర్ మాత్రం పనిచేయదు! అందుకే లాగ్స్‌ను స్టాండర్డ్ ఎర్రర్‌కి పంపాలి.

యాప్‌కి కలిపే ముందు ఎంసీపీ ఇన్‌స్పెక్టర్‌లో టెస్ట్ చేసుకోవడం బెటర్. దీనికి నోడ్ జేఎస్ కావాలి. ఆ తర్వాత క్లాడ్ డెస్క్‌టాప్ కాన్ఫిగ్ ఫైల్‌లో సర్వర్ ఫోల్డర్ పూర్తి పాత్ ఇవ్వాలి. విండోస్‌లో అయితే ప్రతి బ్యాక్‌స్లాష్‌ను రెండుసార్లు కొట్టాలి. యాప్‌ను కేవలం విండో మూయడం కాదు, పూర్తిగా క్విట్ చేసి మళ్లీ తెరవాలి.

ఇంకో ముఖ్యమైన విషయం. ఈ సర్వర్ మీ యూజర్ అకౌంట్ పర్మిషన్లతోనే నడుస్తుంది. అంటే మీరు డిలీట్ చేయగలిగే ఫైల్‌ను అదీ డిలీట్ చేయగలదు. కాబట్టి ఎవరో ఇచ్చిన సర్వర్‌ను కోడ్ చూడకుండా రన్ చేయొద్దు. మీరు రాసేదానికి మొదట ఒక్క ఫోల్డర్, అదీ చదవడానికి మాత్రమే అనుమతి ఇవ్వండి. ఏపీఐ కీని కోడ్‌లో రాసి గిట్‌హబ్‌లో పెడితే ఇక అంతే.. తర్వాత ఆ లైన్ తీసేసినా పాత హిస్టరీలో కీ అలాగే ఉంటుంది. అలా జరిగితే వెంటనే ఆ కీని రద్దు చేసి కొత్తది తీసుకోవాల్సిందే.