నక్లీ నగీనా కహానీ

షాదీల సీజన్‌లో దుకాన్లలో బాగా కనబడే అంగూఠీ ఒకటుంది. లోపల చాందీ, పైన సోనా ములమ్మా, అంటే బంగారు పూత. నడుమ పెద్ద నక్లీ హీరా, చుట్టూ చిన్న నగీనాలు. దీన్ని కాక్‌టెయిల్ రింగ్ అంటారు. ఈ ఒక్క అంగూఠీలో నాలుగు దేశాల కహానీ ఉంది.

పేరు అమెరికాది. అక్కడ 1920 నుంచి 1933 దాకా షరాబ్ అమ్మకాల మీద నిషేధం ఉండేది. చాటుమాటు మెహఫిళ్ళలో కాక్‌టెయిల్ తాగే ఔరతులు పెద్ద పెద్ద అంగూఠీలు పెట్టుకునేవారని, ఆ పేరు అలా వచ్చిందని చెబుతారు. పేరు విని మనవాళ్ళు కొందరు ముఖం చిట్లిస్తారు. పేరులో తప్ప అంగూఠీలో షరాబ్ చుక్క కూడా లేదు.

నక్లీ నగీనాకు పేరు తెచ్చింది ఫ్రాన్స్. 18వ శతాబ్దంలో పారిస్ జవహరీ జార్జ్ ఫ్రెడరిక్ స్ట్రాస్ సీసం కలిపిన గాజును సానబట్టి హీరాలా మెరిపించాడు. అది గాజేనని తెలిసే అమీర్లు కొన్నారు. 1734లో అతనికి బాద్షా జవహరీ హోదా దక్కింది. ఫ్రెంచ్‌లో నక్లీ హీరాను ఇప్పటికీ ‘స్ట్రాస్’ అనే అంటారు.

ఇప్పటి నగీనా రష్యా హునర్. దాని అసలు పేరు క్యూబిక్ జిర్కోనియా. కరగాలంటే 2,700 డిగ్రీల వేడి కావాలి. మామూలు మూసలు ఆ వేడికి ఆగవు. 1970లలో మాస్కో లెబెదేవ్ ఇన్‌స్టిట్యూట్ సైంటిస్టులు ఆ పొడి బయటి పొరను నీళ్ళతో చల్లబరిచి, ఆ పొరనే మూసగా చేసి లోపలిది కరిగించారు. మన బజార్లో ‘అమెరికన్ డైమండ్’ అని అమ్మేది దీన్నే!

ఇక ములమ్మా. పాత జమానాలో సోనాను పాదరసంలో కలిపి చాందీకి పూసి, నిప్పుమీద కాచేవారు. పాదరసం ఆవిరై సోనా మిగిలేది. ఆ ఆవిరి పీల్చి ఎందరో కారీగర్లు జబ్బుపడ్డారు. 1840లో ఇంగ్లండ్‌లోని ఎల్కింగ్టన్లు కరెంటుతో పూత వేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాక ఆ పాత పద్ధతి వెనకబడింది.

నక్లీ అన్నంత మాత్రాన ధోఖా కాదు. మచిలీపట్నం చిలకలపూడి రోల్డ్‌గోల్డ్ నగలను అవేంటో తెలిసే కొంటారు, ఇష్టంగా పెట్టుకుంటారు. ధోఖా ఎక్కడంటే, ఇదే అంగూఠీని సోనా, హీరా అని చెప్పి దుల్హన్ వేలికి తొడగడంలో. ఇంట్లో కష్టమొచ్చి కుదువ పెట్టబోయిన రోజు అసలు సంగతి బయటపడుతుంది. ఆ రోజు దుకాన్లో తలదించుకునేది తొడిగినవాళ్ళు కాదు, ఆ బహూ.

అంగూఠీ లోపల 925 ముద్ర ఉంటే వెయ్యి పాళ్ళలో 925 చాందీ అని అర్థం. పైనున్న సోనా ఎంత మందమో ఆ ముద్ర చెప్పదు. అందుకే కొనేటప్పుడు చాందీ, ములమ్మా, నగీనా మూడూ రసీదు మీద విడివిడిగా రాయించండి. ఇచ్చేటప్పుడు ఆ రసీదు కూడా దుల్హన్ చేతికే ఇవ్వండి.