మూగపోయిన యంత్రమునకు నోరు వచ్చిన వైనము

పాతబడిన కంప్యూటరుపై లినక్స్‌ను క్రొత్తగా ఎక్కించినప్పుడు ఒక్కొక్కసారి ఒక వింత జరుగును. తెర వెలుగును, అక్షరములు కనబడును, మౌసు కదలును; కాని పాట పెట్టినచో చప్పుడుండదు. స్పీకరు చెడలేదు, తీగ తెగలేదు. అదే యంత్రముపై నిన్నటివరకు వేరొక వ్యవస్థ నడచినప్పుడు పాట చక్కగా వినబడినది. మరి ఈ మౌనమునకు కారణమేమి? ఈ చిన్న ప్రశ్నకు సమాధానము వెదకుచు పోయినచో ముప్పదియేండ్లకు పైబడిన చరిత్ర బయటపడును. కొన్న వస్తువు ఎట్లు పనిచేయునో తెలిసికొను హక్కు కొన్నవానికి కలదా, లేదా? ఆ చరిత్రలోని అసలు వివాదము ఇదియే.

దుబాసీ లేని సంభాషణ

ధ్వని అనగా గాలిలో పుట్టు కంపనము. కంప్యూటరునకు తెలిసినవి అంకెలు మాత్రమే. కాంపాక్టు డిస్కు పద్ధతిలో ధ్వనితరంగపు ఎత్తును సెకనుకు 44,100 పర్యాయములు కొలిచి, ఒక్కొక్క కొలతను 16 బిట్ల సంఖ్యగా వ్రాసికొందురు. కుడి, ఎడమ చెవులకు రెండు వరుసలు కావలెను గనుక సెకనుకు 1,76,400 బైట్లు అగును. ఈ అంకెలను తిరిగి విద్యుత్తరంగముగా మార్చునది సౌండు కార్డు.

ఏ చిరునామాకు ఏ అంకె పంపినచో కార్డు మేల్కొనునో, ఏ అంకెకు స్వరము హెచ్చునో, దేనికి తగ్గునో ఒక్కొక్క తయారీదారు ఒక్కొక్క రీతిగా నిర్ణయించును. ఆ మర్మములెరిగి, కార్డునకును, వ్యవస్థ యొక్క గర్భమైన కెర్నెల్‌కును నడుమ దుబాసీవలె వ్యవహరించు ప్రోగ్రామునకే డ్రైవరని పేరు. దుబాసీ లేనిచో ఇద్దరు విద్వాంసులు ఎదురెదురుగా కూర్చుండియు మూగవారే యగుదురు.

ఒక ప్రింటరు కథ

డ్రైవరు సమస్యకు లినక్స్ పుట్టుకకు ముందే ఒక పూర్వకథ కలదు. 1980 ప్రాంతమున అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థ యందలి కృత్రిమ మేధ ప్రయోగశాలకు జిరాక్సు సంస్థవారి క్రొత్త లేజరు ప్రింటరు వచ్చెను. దానిలో కాగితము తరచుగా ఇరుకుకొనెడిది. అచ్చునకు పంపినవారు వేరొక అంతస్తులో కూర్చుండి ఊరక ఎదురుచూడవలసి వచ్చెడిది. అక్కడ పనిచేయు రిచర్డ్ స్టాల్‌మన్, వెనుకటి ప్రింటరునకు చేసినట్లే దీనికిని చిన్న మార్పు చేసి, కాగితము ఇరుకగానే అందరికి కబురు పోవునట్లు చేయదలచెను. కాని ఈసారి ప్రింటరును నడపు ప్రోగ్రాము యొక్క మూలరచన అతని చేతికి రాలేదు. మూలరచన గల వేరొక విశ్వవిద్యాలయపు పరిశోధకుని అడుగగా, తాను ఇతరులకు ఈయనని మాట యిచ్చితినని ఆయన నిరాకరించెను.

సమస్య చిన్నది, పరిష్కారము తెలిసినదే, చేయగలవాడు ఎదుటనే యున్నాడు. ఐనను చేయుటకు వీలు లేకపోయెను. ఈ అనుభవము స్టాల్‌మన్ మనస్సులో నాటుకొనెను. 1983 సెప్టెంబరులో ఆయన ప్రకటించిన గ్నూ ఉద్యమమునకు ప్రేరణలలో ఇది యొకటి. ఎవరైనను చదివి, మార్చి, పంచుకొనదగిన ప్రోగ్రాములే ఆ ఉద్యమపు లక్ష్యము.

ఫిన్లాండు విద్యార్థి

1991 ఆగస్టు 25వ తేదీన హెల్సింకీ విశ్వవిద్యాలయ విద్యార్థి, ఇరువదియొక్క యేండ్ల లీనస్ టోర్వాల్డ్స్, తాను వినోదార్థము ఒక కార్యనిర్వాహక వ్యవస్థను వ్రాయుచున్నానని ప్రకటించెను. అది తన యంత్రములో నున్న ఏటీ రకపు హార్డుడిస్కును తప్ప వేరొకదానిని బహుశా ఎన్నటికిని నడపజాలదని కూడ ఆయన చెప్పెను. ఆ జోస్యము తప్పినది. ఆయన 1992లో లినక్స్‌ను గ్నూ లైసెన్సు క్రింద విడుదల చేయుటతో, తమ వద్దనున్న పరికరమునకు తామే డ్రైవరు వ్రాయుటకు అనేకులు ముందుకు వచ్చిరి.

ఆ కాలమున సౌండు కార్డులలో మిక్కిలి వ్యాప్తి చెందినది, సింగపూరునకు చెందిన క్రియేటివ్ సంస్థ 1989లో విడుదల చేసిన సౌండ్ బ్లాస్టర్. ఫిన్లాండు దేశీయుడే యగు హన్ను సవొలైనెన్ 1992లో దానికి లినక్స్ డ్రైవరు వ్రాసెను. లినక్స్‌నకు ధ్వని అబ్బినది ఇట్లు. కొంతకాలమునకు, "లినక్స్" అను పేరును ఎట్లు పలుకవలెనో టోర్వాల్డ్స్ తన కంఠముతోనే పలికి, ఆ ధ్వనిని అందరికి అందుబాటులో నుంచెను.

అంకెల తగవు

ఆనాటి యంత్రములలో కార్డు తన పేరు తాను చెప్పుకొనలేకపోయెడిది. అది ఏ చిరునామా యందున్నదో, ప్రాసెసరును పిలుచుటకు ఏ అంతరాయరేఖను వాడునో మనమే చెప్పవలెను. సౌండ్ బ్లాస్టర్ 16 కార్డునకు సాధారణముగా చిరునామా 220, అంతరాయరేఖ 5. కొన్ని కార్డులు 7వ రేఖను వాడుచుండగా, ప్రింటరు ద్వారమునకును అదే రేఖ రివాజు. ఇద్దరు అతిథులకు ఒకే గది ఇచ్చినట్లు రెండు పరికరములకు ఒకే రేఖ పడినచో తగవు తప్పదు. అప్పుడు పెట్టె విప్పి, కార్డుపై గల చిన్న జంపర్లను మార్చి, అంకెలను సరిచేసి, పెక్కుమారులు కెర్నెల్‌ను మరల నిర్మింపవలసి వచ్చెడిది.

పీసీఐ అను క్రొత్త అమరిక వచ్చిన పిదప ఈ తగవు చాలవరకు సమసినది. పీసీఐ పరికరము తన తయారీదారు సంఖ్యను, తన నమూనా సంఖ్యను తనలోనే దాచుకొని, అడిగినప్పుడు చెప్పును. కెర్నెల్ ఆ రెండు సంఖ్యలను చూచి తగిన డ్రైవరును వెదకుకొనును. ఈ సౌకర్యమును సామాన్యులకు అందించినవారిలో జర్మనీ దేశపు క్లాస్ నాపర్ ఒకడు. 2000 సంవత్సరములో ఆయన విడుదల చేసిన నాపిక్స్ ఒక్క సీడీ నుండియే నడచి, పరికరములను తానే గుర్తించి, నిమిషములలో తెరను సిద్ధము చేసెడిది. అంతకు పూర్వము తెరకు సంబంధించిన పౌనఃపున్యములను సైతము మనుష్యుడే ఒక ఫైలులో వ్రాయవలసి యుండెను. తప్పు అంకె వ్రాసినచో కొన్ని పాత మానిటర్లు చెడిపోవు ప్రమాదము కూడ ఉండెడిది.

ఒక మైకు, పలువురు వక్తలు

సవొలైనెన్ పద్ధతికి ఓఎస్ఎస్ అని పేరు. అందొక పెద్ద లోపము కలదు. చాల కార్డులపై ఒకసారి ఒక్క ప్రోగ్రామునకే ధ్వని ద్వారము తెరువబడును. పాట నడచుచుండగా వేరొక ప్రోగ్రాము గంట మ్రోగింపబోయినచో, "ద్వారము తీరికగా లేదు" అను అర్థము గల జవాబు వచ్చెడిది. 1996లో ఆరంభమైన కేడీఈ, 1997లో ఆరంభమైన గ్నోమ్ అను డెస్క్‌టాపులు దీనికి మధ్యవర్తులను ఏర్పరచుకొనెను. ఐతే ఒకదాని మధ్యవర్తి రెండవదానికి వేరు. ఇద్దరు మధ్యవర్తులు ఒకే మైకుకై పోరాడిరి.

చెక్ దేశీయుడగు యారొస్లావ్ కిసెలా 1998లో ఆల్సా అను క్రొత్త పద్ధతిని ప్రారంభించెను. 2002లో అది కెర్నెల్ అభివృద్ధి శాఖలో చేరినది. 2003 డిసెంబరులో వెలువడిన 2.6 కెర్నెల్‌తో లోకమునకు అందినది. దీనిలో ఒక జాగ్రత్త కూడ ఉండెను: హఠాత్తుగా పెద్ద చప్పుడు రాకుండుటకై కార్డు మొదట మౌనస్థితిలో నుంచబడెడిది. ఈ సంగతి తెలియక డ్రైవరు చెడినదని తలచినవారు పలువురు. నిజమునకు డ్రైవరు బాగుగనే యున్నది. ఆల్సామిక్సర్ అను ప్రోగ్రాములో ఒక్క మీట నొక్కినచో చాలును.

నింద ఒకరిది, నేరము వేరొకరిది

2004లో లెనార్ట్ పొటెరింగ్ మొదలిడిన ధ్వనిసేవకము తరువాత పల్స్ ఆడియో అని ప్రసిద్ధమైనది. అన్ని ప్రోగ్రాముల ధ్వనిని కలిపి కార్డునకు పంపుట దాని పని. 2007 నవంబరున ఫెడోరా 8 నందును, 2008 ఏప్రిలున ఉబుంటు 8.04 నందును అది ప్రవేశపెట్టబడగా ఫిర్యాదులు వెల్లువెత్తెను. పాట తెగితెగి వచ్చుచున్నదనిరి, అసలే రాలేదనిరి. పల్స్ ఆడియోను తొలగించుటే మందని పలువురు సలహా యిచ్చిరి.

కారణమును శ్రద్ధగా పరిశీలించినచో సంగతి కొంత వేరుగా నుండెను. పల్స్ ఆడియో క్రొత్త కూర్పు, కార్డు ఎంత ధ్వనిని వినిపించినదో డ్రైవరును అడిగి, దానినిబట్టి తరువాతి భాగమును ఎప్పుడు పంపవలెనో లెక్కకట్టుకొనెడిది. అంతవరకు ఆ ప్రశ్నను అంత నిశితముగా అడిగినవారు లేరు. ఆ ప్రశ్నకు కొన్ని డ్రైవర్లు తప్పు జవాబు చెప్పుచుండెనని అప్పుడు తెలిసినది. పల్స్ ఆడియోలోను లోపములుండెను, దానిని తొందరపడి ప్రవేశపెట్టినవారి పొరపాట్లును ఉండెను. ఐనను దాచియున్న రోగమును బయటపెట్టిన వైద్యునిపై రోగము మోపబడుట కూడ అందు కొంత కలదు. డ్రైవర్ల మూలరచన అందరి యెదుట నుండుటచేత ఆ తప్పులు క్రమముగా దిద్దబడెను.

2004లో ఇంటెల్ సంస్థ హెచ్‌డీ ఆడియో ప్రమాణమును ప్రకటించినది. ఏ చిప్పుకాలు స్పీకరుకు పోవునో, ఏది హెడ్‌ఫోనుకు పోవునో యంత్రములోని బయాస్ చెప్పవలెనని దాని నియమము. కాని కొన్ని లాప్‌టాపులలో బయాస్ తప్పు చెప్పును. అందుచే ఏ నమూనాకు ఏ దిద్దుబాటు కావలెనో తెలుపు పెద్ద పట్టికను లినక్స్ రచయితలు కెర్నెల్‌లోనే చేర్చిరి. లోకమున ఎక్కడనో ఒకరు తమ లాప్‌టాపు మూగపోయినదని తగిన వివరములతో తెలుపగా చేరినవే ఆ పట్టికలోని పెక్కు పంక్తులు.

ఇటీవలి లాప్‌టాపులు కొన్నింటిలో ధ్వని చిప్పునకు ఫర్మ్‌వేరు అను వేరొక ప్రోగ్రామును కూడ నింపవలెను. అది లేనిచో డెస్క్‌టాపు "డమ్మీ అవుట్‌పుట్" అని మాత్రమే చూపును. ఈ ఫర్మ్‌వేరును సైతము అందరికి తెరచియుంచవలెనను సౌండ్ ఓపెన్ ఫర్మ్‌వేర్ ప్రయత్నము 2018లో ప్రకటింపబడినది. వీమ్ టేమన్స్ రచించిన పైప్‌వైర్, 2021 ఏప్రిలున ఫెడోరా 34లో పల్స్ ఆడియో స్థానమును గ్రహించినది. పాత ప్రోగ్రాములు పల్స్ ఆడియోతో మాటలాడినట్లే దీనితోను మాటలాడగలవు గనుక ఈ మార్పు వెనుకటివలె గగ్గోలు లేకుండ జరిగినది.

విద్యార్థి నేర్వదగిన క్రమము

మూగపోయిన యంత్రము ఎదురైనప్పుడు తోచిన మీటలెల్ల నొక్కుట శాస్త్రీయము కాదు. ధ్వని నడచు మార్గమును అంచెలుగా విభజించి, ఒక్కొక్క అంచెను పరీక్షింపవలెను. ఎల్ఎస్‌పీసీఐ అను ఆజ్ఞ నిచ్చినచో కార్డు కనబడుచున్నదా? కనబడినచో కెర్నెల్ దానికి డ్రైవరును జతపరచినదా? డీమెసేజ్ ఆజ్ఞ చూపు దినచర్యలో ఫర్మ్‌వేరు దొరకలేదను ఫిర్యాదు ఉన్నదా? ఆల్సామిక్సర్‌లో మౌనపు గుర్తు ఉన్నదా? ధ్వని స్పీకరునకు బదులు హెచ్‌డీఎమ్ఐ ద్వారా మానిటరునకు పోవుచున్నదా? ఇవన్నియు సరిగా నున్నప్పుడే పైప్‌వైర్ వంటి సేవకమును అనుమానింపవలెను. వేరొక లినక్స్‌ను యూఎస్‌బీ నుండి నడపి చూచినచో, అక్కడ శబ్దము వచ్చినయెడల కార్డు చెడలేదని తేలును. ఒక్కసారికి ఒక్క మార్పు మాత్రమే చేసి, ఫలితమును వ్రాసికొనవలెను. రసాయన ప్రయోగశాలలో తెలియని లవణమును గుర్తించు పద్ధతికిని దీనికిని భేదము లేదు.

1980లో ఆ ప్రయోగశాలయందు కాగితము ఇరికినప్పుడు, బాగుచేయగల నేర్పరి ఉండియు చేతులు ముడుచుకొనవలసి వచ్చెను. నేడు ఒక ఉన్నత పాఠశాల విద్యార్థి తన లాప్‌టాపులోని డ్రైవరు మూలరచనను తెరచి చదువగలడు. తప్పు కనుగొన్నచో దిద్ది పంపగలడు. మర్మము విప్పని తయారీదారులు ఇప్పటికిని లేకపోలేదు. అట్టివారి పరికరము కొన్నవాడు ఇప్పటికిని నిస్సహాయుడే. కావున పాఠశాలకు యంత్రము కొనదలచిన ఉపాధ్యాయుడు వెల యెంతయని అడుగుటతో పాటు, దీనిని లినక్స్ గుర్తించునా అని కూడ అడుగుట మేలు.