మన చరిత్ర - 14: లందలో కెమిస్ట్రీ



నిన్న భవానీపురంలో మా ఇంటికొచ్చిన ఒక డిగ్రీ విద్యార్థి అడిగాడు: "నల్లజాతివాళ్లు ఎన్నో కనిపెట్టారు కదా సార్, మనవాళ్లు ఏం కనిపెట్టారు?"

జాన్ మాట్జెలిగర్ గురించి చెప్పాను. సురినామ్‌లో పుట్టి అమెరికాలో బూట్ల ఫ్యాక్టరీలో పనిచేసిన నల్లజాతి కార్మికుడు. బూటు పైతోలును కాలి అచ్చు మీద లాగి అడుగుకు బిగించే యంత్రం చేసి, 1883లో పేటెంట్ తీసుకున్నాడు. చేత్తో రోజుకు 50 జతలయ్యే పని వందల జతలకు పెరిగింది. 36 ఏళ్లకే క్షయతో పోయాడు.

సరే, మన సంగతి. పచ్చితోలు ఊరికే ఉంచితే కుళ్లిపోతుంది. మన మాదిగ తాతలు దాన్ని సున్నంలో నానేసి, వెంట్రుకలు ఊడదీసి, లందలో తంగేడు చెక్క నీళ్లలో ఊరబెట్టేవాళ్లు. ఆ బెరడులోని టానిన్ తోలులోని ప్రొటీన్‌ను పట్టేస్తుంది, ఇక కుళ్లదు. సున్నం ఎంత, చెక్క ఎంత, ఎన్నాళ్లు... అంతా చేతిలో ఉన్న లెక్క. (తెలుగు పంతులు కెమిస్ట్రీ చెబుతున్నాడని నవ్వకండి.) కరెంటు మోటార్లు రాకముందు మెట్ట చేలకు నీళ్లు తోడిన మోట బొక్కెన ఆ తోలుదే. పంట ఇంట్లోకి పోయింది, తోలు పదును చేసినవాణ్ణి వాకిలి బయటే నిలబెట్టారు.

1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ పెట్టారు. అక్కడిది సైన్సు, లందలోది కులవృత్తి అట!

ఆ అబ్బాయి వాళ్ల తాతనడిగి లంద కొలతలు రాసుకొస్తానన్నాడు. తాతకు ఎనభై దాటాయి. త్వరగా వెళ్లమన్నాను.