నీటిని పైకెక్కించి కరెంటు దాచిన కథ

ప్రత్యేక సంచికకు ఏదైనా రాయమని కార్యదర్శిగారు కోరినప్పుడు నాకు సాగర్ యంత్రాలే గుర్తుకొచ్చాయి. నేను నీటిపారుదల శాఖలో ఫైళ్లు నడిపిన గుమాస్తాను, ఇంజనీరును కాను. విన్నదీ చదివినదీ రాస్తున్నాను.

కరెంటును ధాన్యంలా గాదెలో పోసి ఉంచలేము. థర్మల్ కేంద్రాలను రాత్రికి ఆర్పి పొద్దున వెలిగించడమూ కుదరదు. అందుకని రాత్రి మిగిలిన కరెంటుతో కింది నీటిని పైనున్న జలాశయానికి ఎక్కించి, సాయంత్రం గిరాకీ వేళ కిందికి వదిలి మళ్లీ కరెంటు తీస్తారు. 100 యూనిట్లు ఖర్చుపెడితే తిరిగి వచ్చేవి 75, 80. ఇదేం వ్యాపారమని అడిగేవారు చాలామందే ఉండేవారు. గిరాకీ లేని వేళ యూనిట్టూ, అందరిళ్లలో దీపాలు వెలిగే వేళ యూనిట్టూ ఒకటే వెల చేయవు కదా!

నాగార్జునసాగర్ ప్రధాన విద్యుత్కేంద్రంలో యంత్రాలు ఎనిమిది. 1978లో తిరిగిన మొదటిది మామూలుది. 1980 దశకంలో పూర్తయిన తక్కిన ఏడూ అటూ ఇటూ తిరిగేవి. కానీ ఎక్కించడానికి డ్యాము కింద నీరు నిలవాలి. దానికి కావలసిన ఆనకట్ట సత్రశాల దగ్గర పూర్తి కావడానికి దశాబ్దాలు పట్టింది. యంత్రం ముందు, చెరువు తర్వాత! మన ఆఫీసుల్లో బీరువా వచ్చాక గది వెతికినట్టు.

శ్రీశైలం ఎడమగట్టుకు ఆ చిక్కు లేదు. సాగర్ జలాశయమే దాని కింది చెరువు. అక్కడి ఆరు యంత్రాలు, మొత్తం 900 మెగావాట్లు, 2001-03 మధ్య వచ్చాయి. ఆ భూగర్భ కేంద్రంలోనే 2020 ఆగస్టు 20 రాత్రి మంటలు చెలరేగి తొమ్మిది మంది చనిపోయారు. డ్యూటీలో ఉన్న ఇంజనీర్లతోపాటు బ్యాటరీల పనికి వచ్చిన ఇద్దరూ వారిలో ఉన్నారు. ఆ పేర్లు పేపర్లో చదివిన రోజు నాకు అన్నం సయించలేదు.

మరుసటి ఏడు కరెంటు కోసం నీళ్లు వదలడంపై రెండు రాష్ట్రాల మధ్య తగవొచ్చి, డ్యాముల దగ్గర పోలీసులు మోహరించారు. వదిలిన నీటిని తిరిగి ఎక్కించగలిగితే రైతు భయం కొంతైనా తగ్గుతుందని నా అభిప్రాయం.

ఇప్పుడు లెక్క తలకిందులైంది. సోలారు వచ్చాక మిగులు మధ్యాహ్నం, కొరత సాయంత్రం. 2022 మేలో ఉమ్మడి కర్నూలు జిల్లా పిన్నాపురం దగ్గర 1680 మెగావాట్ల పంప్డ్ స్టోరేజికి శంకుస్థాపన జరిగింది. అటు 1991లో సోనీ కంపెనీ బజారుకు తెచ్చిన లిథియం అయాన్ బ్యాటరీ, కెమెరాలూ ఫోన్లూ దాటి విద్యుత్ కేంద్రాలకెక్కింది. 2017లో ఆస్ట్రేలియాలోని హార్న్స్‌డేల్‌లో 100 మెగావాట్ల బ్యాటరీ పెట్టారు. 2010తో పోలిస్తే ఈ బ్యాటరీల ధర పదో వంతుకు దగ్గరగా వచ్చింది. మా ఇంట్లో ఇన్వర్టరుకు మాత్రం 1859లో ఫ్రాన్సు దేశస్థుడు ప్లాంటే కనిపెట్టిన సీసం బ్యాటరీయే. డిస్టిల్డ్ వాటరు పోసే డ్యూటీ నాది.