బొంతపల్లి పారిశ్రామిక ప్రాంతం: నీటివాలు చెప్పే చరిత్ర

నేల, జీవనాధారం, జనం – ఈ మూడింటినీ వేర్వేరు అధ్యాయాలుగా వర్ణించడం గెజిటీర్ల కాలం నుంచి వస్తున్న పద్ధతి. సంగారెడ్డి జిల్లా గుమ్మడిదల మండలంలోని బొంతపల్లికీ, దాని పరిసరాల పారిశ్రామిక వాడలకూ ఆ విభజన చాలదు. ఇక్కడ మూడింటినీ కలిపేది నీరు. నీటివాలు వెంట ఈ ప్రాంత చరిత్రను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

గ్రామనామాలే తొలి ఆధారాలు. పటాన్‌చెరువును చాళుక్యుల కాలపు పొట్టలకెరెగా చరిత్రకారులు గుర్తించారు. కన్నడ ‘కెరె’కు తెలుగు ‘చెరువు’ సమానార్థకం. పాలకులు మారినా పేరులో చెరువు నిలిచింది. ఇక్కడి నక్కవాగు మంజీరలోనూ, మంజీర కందకుర్తి వద్ద గోదావరిలోనూ కలుస్తాయి. చెరువుల కింద వరి, మెట్టన జొన్న, కంది ఈ నేల పంటలు. 1972లో మెట్టపంటల పరిశోధనకు ఇక్రిశాట్ పటాన్‌చెరువులోనే నెలకొంది.

ఔషధ పరిశ్రమకు పునాది వేరు. 1961లో ఏర్పడిన ఐడీపీఎల్ హైదరాబాదులో రసాయన నిపుణులను తయారుచేసింది. 1970 నాటి పేటెంట్ల చట్టం మందుకు కాక తయారీ పద్ధతికే పేటెంటు పరిమితం చేసింది. నైపుణ్యం, చట్టం కలిసి బొల్లారం, గడ్డపోతారం, బొంతపల్లి వైపు కర్మాగారాలను విస్తరింపజేశాయి.

వాటి వ్యర్థాలు వాగువాలునే పట్టాయి. 1990లో ఈ కాలుష్యంపై సుప్రీంకోర్టులో వ్యాజ్యం దాఖలైంది. 1994లో పటాన్‌చెరువులో ఉమ్మడి శుద్ధికేంద్రం వచ్చింది. అయినా 2007లో ప్రచురితమైన స్వీడన్ శాస్త్రజ్ఞుల పరిశోధన ఆ కేంద్రం వదిలే నీటిలో సిప్రోఫ్లోక్సాసిన్ లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉన్నట్లు తేల్చింది.

శుద్ధిచేసిన ఆ నీటిని గొట్టపుమార్గంలో నగర మురుగు వ్యవస్థ ద్వారా అంబర్‌పేటకు మళ్లించే ఏర్పాటూ జరిగింది. అంబర్‌పేట మూసీ ఒడ్డున ఉంది. మూసీ వాడపల్లి వద్ద కృష్ణలో కలుస్తుంది. అంటే గోదావరి వాలున పుట్టిన వ్యర్థం కృష్ణా వాలుకు చేరింది. ప్రకృతి గీసిన జలవిభాజకాన్ని గొట్టం దాటింది. సమస్య తీరలేదు, తావు మారింది. రెండు నదుల చివరా తీరాంధ్ర డెల్టాలే ఉన్నాయి.

జనం ప్రవాహం దీనికి ఎదురు దిశ. ఉత్తరాంధ్ర, ఒడిశా, బీహార్‌ల నుంచి కార్మికులు ఈ మెట్టకు వచ్చారు. 2025 జూన్ 30న పాశమైలారం ఔషధ కర్మాగారంలో జరిగిన విస్ఫోటనంలో 40 మందికి పైగా మరణించారు; వారిలో వలస కార్మికులు అనేకులు.

కనుక బొంతపల్లి చరిత్ర మండల సరిహద్దులలో ముగియదు. వాగు చేరే ఊళ్లు, కార్మికులు విడిచివచ్చిన ఊళ్లు కూడా అందులో భాగమే. స్థానిక చరిత్ర రచన ఆ రెండింటినీ లెక్కలోకి తీసుకోవాలి.